జాగ్రత్త: ఆమ్‌స్టర్‌డామ్ కచేరీకి ఒకే టికెట్‌ను ఇద్దరు ముగ్గురికి అమ్మాడు

2025 మేలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని కోన్సెర్ట్‌హెబౌ అనే కచేరీ హాలులో, పాశ్చాత్య సంగీతకర్త మాలర్ రచనలతో జరిగిన మాలర్ ఉత్సవానికి టికెట్లు ఉన్నాయంటూ మన గ్రూపుల్లో తిరిగిన మనిషి దగ్గర దయచేసి ఎవరూ ఏ టికెట్లూ కొనవద్దు. పేరు ఇక్కడ రాయడం లేదు. క్రికెట్ మ్యాచ్‌లకూ తెలుగు సినిమా ప్రీమియర్లకూ టికెట్లు ఇప్పిస్తానని పోస్టులు పెట్టేది కూడా ఆయనే కనుక, నెదర్లాండ్స్‌లో ఉన్న తెలుగువారికి ఎవరి సంగతో విడిగా చెప్పనక్కర్లేదు. మాకు ఇలా జరిగాక కూడా, ఉత్సవంలో అప్పటికి మిగిలి ఉన్న షికాగో, బెర్లిన్ ఆర్కెస్ట్రాల కచేరీలకూ టికెట్లు ఉన్నాయని పోస్టు పెట్టాడు కాబట్టి ఇది రాస్తున్నాను.

మేము కొన్నది జపాన్ నుంచి వచ్చిన ఎన్‌హెచ్‌కె సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీకి. ఫాబియో లుయీజీ ఆర్కెస్ట్రాను నడిపించే ఆ కచేరీలో మాలర్ నాలుగో సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా కోసం నాలుగు భాగాలుగా రాసిన పెద్ద రచన. హాలు టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఈ కచేరీ కోసమే ఎందుకింత పట్టుబట్టామో సంగీతం వినేవారికి అర్థమవుతుంది. 1888లో తెరిచిన ఆ హాలుకు 1904 అక్టోబరులో మాలర్ స్వయంగా వచ్చినప్పుడు, ఈ నాలుగో సింఫనీనే ఒకే సాయంత్రం రెండుసార్లు వినిపించారు. ఇక ఈ జపాన్ ఆర్కెస్ట్రా 1926లో పుట్టింది. అప్పటి పేరు న్యూ సింఫనీ ఆర్కెస్ట్రా. ఆ పేరుతోనే 1930లో హిదెమారో కొనోయె నిర్వహణలో టోక్యోలో ఈ సింఫనీని లోకంలో మొదటిసారి రికార్డు చేసింది. ఆ సింఫనీని, ఆ ఆర్కెస్ట్రా, ఆ హాలులో వాయించే రోజు మళ్ళీ మా జీవితంలో వస్తుందని నేను అనుకోను.

అందులోనూ మా నాన్నగారు మా దగ్గరికి వచ్చి ఉన్నారు. ఆయన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుని, ఓపిక ఉన్నంత కాలం పిల్లలకు నేర్పిన మనిషి. ఈ సింఫనీ రెండో భాగంలో ఆర్కెస్ట్రా ప్రధాన వయొలినిస్టు రెండు వయొలిన్లు దగ్గర పెట్టుకుంటాడు. ఒకటి మామూలు శ్రుతిలో ఉంటుంది, రెండోదాని నాలుగు తీగలనూ ఒక స్వరం పైకి బిగిస్తారు. మృత్యువు వీధిలో ఫిడేలు వాయిస్తున్నట్టు కరకుగా వినిపించాలని మాలర్ అలా రాశాడు. జీవితమంతా తీగలను షడ్జమ పంచమాలకు కలుపుకున్న నాన్నగారు, ఆ వయొలినిస్టు ఒక వాద్యం కింద పెట్టి మరొకటి అందుకునే క్షణాన్ని కళ్ళారా చూడాలని కోరుకున్నారు. ఈ సంగతంతా నేను ఆ మనిషికి ఫోనులో చెప్పాను. "పెద్దాయన కోసమా అక్కా, అయితే స్టేజీ పక్కన బాల్కనీలో ఫస్ట్ రో ఇప్పిస్తాను, మీరేం కంగారు పడకండి" అన్నాడు. టికెట్ మీద ఉన్న ధరకు దాదాపు మూడింతలు, రెండింటికీ కలిపి 420 యూరోలు, అడిగిన ఖాతాకు అడిగిన గంటలోనే పంపించాను. పది నిమిషాల్లో పీడీఎఫ్ వచ్చింది. వరస, సీటు నంబరు, బార్‌కోడ్ అన్నీ సక్రమంగానే ఉన్నాయి.

హాలు ప్రవేశం ఇప్పుడు పక్కనున్న అద్దాల భవనం వైపు ఉంది. నాన్నగారు పట్టు కండువా వేసుకుని, నా చెయ్యి పట్టుకుని వరుసలో నిలబడ్డారు. గుమ్మం దగ్గర ఉన్న అమ్మాయి నా ఫోను మీద యంత్రం పెట్టింది, ఎర్ర దీపం వెలిగింది. ఫోను వెలుగు పెంచమంది, పెంచాను, మళ్ళీ ఎర్ర దీపమే వెలిగింది. యంత్రాన్ని నా వైపు తిప్పి చూపిస్తే, ఆ టికెట్లతో ఎవరో అప్పటికే లోపలికి వెళ్ళినట్టు సమయంతో సహా కనిపించింది. వాళ్ళ అధికారి ఒకాయన వచ్చి మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి, నాన్నగారికి మంచినీళ్ళు ఇచ్చి, కంప్యూటరులో చూసి, ఆ సీట్లు వేరే పేరు మీద ఉన్నాయనీ, బార్‌కోడ్ ఒక్కసారే పని చేస్తుందనీ, హాలులో ఒక్క సీటు కూడా ఖాళీ లేదనీ ఎంతో మర్యాదగా వివరించాడు. హాలు వారి తప్పు ఇందులో ఏమీ లేదు. మేమింకా అక్కడ కూర్చుని ఉండగానే ఒక కుర్రవాడు అదే వరస, అదే సీటు నంబరు ఉన్న పీడీఎఫ్ పట్టుకుని వచ్చాడు. ఆ అబ్బాయి ఐండ్‌హోవెన్ నుంచి రైలులో వచ్చాడు, కొన్నది కూడా ఇదే మనిషి దగ్గర. అప్పటిదాకా ఏదో పొరపాటు జరిగి ఉంటుందని నమ్మిన నాకు అక్కడితో ఆ నమ్మకం పోయింది.

ఆ మనిషికి ఫోను చేస్తే వెంటనే ఎత్తాడు. పరిస్థితి చెప్పి, డబ్బు సంగతి తరువాత చూద్దాం, కచేరీ మొదలయ్యే లోపల ఏదైనా దారి ఉంటే చూపించు తమ్ముడూ అని బతిమాలాను. అతను ఒక్క క్షణం కూడా తడబడలేదు. "టికెట్ పంపించడం వరకే నా పని అక్కా, వాళ్ళ మిషన్ తీసుకోకపోతే నేనేం చేస్తాను" అన్నాడు. నాన్నగారు పక్కనే ఉన్నారు, కాస్త మర్యాదగా మాట్లాడమన్నాను. దానికి అతను అన్న మాట ఇది: "అయినా ఈ వయసులో ఆయనకి ఆ జపాన్ వాళ్ళ బ్యాండు ఏం అర్థమవుతుందక్కా, బోటు ఎక్కించి కాలువలు చూపించండి, అదే సంతోషపడతాడు." చుట్టూ గోలగా ఉండడంతో ఫోను స్పీకరులో పెట్టాను, అందువల్ల ఆ మాట నాన్నగారు కూడా విన్నారు. ఆయన ఏమీ అనలేదు, కండువా తీసి మడత పెట్టుకున్నారు. నేను మళ్ళీ మాట్లాడేలోగా ఫోను పెట్టేశాడు, ఆ తరువాత నా నంబరు బ్లాక్ చేశాడు. 420 యూరోలు పోయినందుకు బాధ ఉంది, కానీ యాభై ఏళ్ళు సంగీతంతో బతికిన మనిషి గురించి, ఆయన వినగా, అలా మాట్లాడడాన్ని నేను క్షమించలేను. అక్కా అని పిలిచి, తండ్రి కోరిక తెలుసుకుని, ఆ కోరికనే చూపించి ధర పెంచి, చివరికి ఆ తండ్రినే తక్కువ చేసి మాట్లాడాడు. మన భాష మాట్లాడే మనిషి అన్న ఒక్క నమ్మకం మీదనే అతని వ్యాపారమంతా నడుస్తోంది.

ఇక కొనాలనుకునేవారికి. అమ్ముడైపోయిన కచేరీలకు కూడా కొందరు టికెట్లు తిరిగి ఇస్తుంటారు కాబట్టి హాలు సొంత వెబ్‌సైట్ చూస్తూ ఉండండి, హాలు టికెట్ కౌంటరు వారిని అడగండి. పీడీఎఫ్‌ను ఎంతమందికైనా పంపవచ్చు, మొదట వెళ్ళినవారికే తలుపు తెరుచుకుంటుంది. తెలియని మనిషికి డబ్బు పంపే ముందు డచ్ పోలీసుల వెబ్‌సైట్‌లో అతని ఖాతా నంబరు ఇచ్చి, దాని మీద ఫిర్యాదులు ఉన్నాయేమో చూసుకోవచ్చు. బ్యాంకు నుంచి నేరుగా పంపిన డబ్బును వెనక్కి తెప్పించుకోవడం చాలా కష్టం.

నేను పోలీసులకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను, ఐండ్‌హోవెన్ అబ్బాయి కూడా చేశాడు. ఇదే మనిషికి డబ్బు పంపినవారు ఇంకా ఉంటే, చిన్న మొత్తమే కదా అని వదిలేయకుండా, పీడీఎఫ్, చెల్లింపు రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు భద్రంగా ఉంచుకుని మీరూ ఫిర్యాదు చేయండి. ఒకే ఖాతా నంబరు మీద ఎన్ని ఫిర్యాదులు చేరితే కేసుకు అంత బలం వస్తుంది.