ఏడాది పాటను ముందే పట్టాలంటే ఏ లెక్క మేలు?

సంక్రాంతి సినిమాలు విడుదలై వారం తిరగకముందే, జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాల దాకా మైకుల్లో మోగుతున్న పాటను చూపి, ఏడాది మొత్తానికీ ఇదే పెద్ద పాట అని తేల్చేసేవారు గోదావరి డెల్టాలో ఎక్కువే. ఆ జోస్యం నిలుస్తుందో లేదో చార్టులను, అంటే ఆదరణను బట్టి పాటలకు స్థానాలిచ్చే జాబితాలను బట్టి ముందే చెప్పదలిస్తే ప్రధానంగా రెండు దారులున్నాయి. పాట ఎంత ఎత్తుకు ఎక్కిందో చూడడం ఒకటి, ఎన్ని వారాలు నిలిచిందో చూడడం రెండోది. మొదటిదానికి ఆకర్షణ ఎక్కువైనా, నమ్మదగినది రెండోదేనని నా అభిప్రాయం.

ఎత్తును కొలిచే అంకెల్లో అందరి నోటా నానేది మొదటి 24 గంటల యూట్యూబ్ వీక్షణల సంఖ్య. అది పాట మీది ఇష్టం కంటే హీరో మీది అభిమానాన్నీ, ప్రచారానికి పెట్టిన ఖర్చునూ ఎక్కువగా చూపిస్తుంది. డబ్బు కట్టి ప్రకటనగా చూపించిన వీక్షణలు రికార్డులను తారుమారు చేస్తున్నాయన్న విమర్శ పెరగడంతో, 2019 సెప్టెంబరులో యూట్యూబ్ వాటిని తన మ్యూజిక్ చార్టుల నుంచీ, 24 గంటల రికార్డుల నుంచీ తొలగించింది. కనుక వీడియో కింద కనిపించే సంఖ్య కంటే చార్టులోని స్థానం కొంత మేలు. అయితే ఆ స్థానమైనా, అత్యుత్తమ వారాన్ని మాత్రమే చూస్తే, మోసం చేయగలదు.

ఇందుకు అమెరికాలో 1958 నుంచి వారవారం వెలువడుతున్న పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100 మంచి సాక్ష్యం. దువా లీపా పాడిన ‘లెవిటేటింగ్’ 2021లో ఒక్క వారమైనా మొదటి స్థానానికి చేరలేదు. రెండో స్థానమే దాని గరిష్ఠం. అయినా ఆ ఏడాది చివరి జాబితాలో మొదటిది అదే. 2000లో ఫెయిత్ హిల్ పాటకూ, 2001లో లైఫ్‌హౌస్ పాటకూ ఇలాగే జరిగింది. 2022 వార్షిక జాబితాలో అగ్రస్థానం పొందిన, గ్లాస్ యానిమల్స్ బృందం వారి ‘హీట్ వేవ్స్’ అయితే వారపు చార్టులో మొదటి స్థానానికి చేరింది తన 59వ వారంలో. వార్షిక జాబితా వారవారం వచ్చిన ఆదరణను కూడి చేసేది కాబట్టి, ఒక్క వారం ఉవ్వెత్తున లేచి పడిపోయిన పాట కంటే నెలల తరబడి అయిదో స్థానం చుట్టూ తిరిగిన పాటే అందులో ముందుంటుంది.

తెలుగులో ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు వాడలేము. మన చార్టుల్లో పెద్ద పాటలు చాలావరకు సినిమా పాటలే. లిరికల్ వీడియో వచ్చినప్పుడు ఒకసారి, సినిమా థియేటర్లకు వచ్చినప్పుడు ఇంకొకసారి, ఓటీటీలోకి చేరాక మరొకసారి వాటికి ఊపు వస్తుంది. ఆ మూడు ఊపుల మధ్య విరామంలో పాట ఎక్కడ నిలబడిందన్నదే అసలు పరీక్ష. 2021 ఫిబ్రవరి చివర వచ్చిన ‘సారంగ దరియా’ ఈ పరీక్షకు మంచి ఉదాహరణ. కరోనా వల్ల సినిమా సెప్టెంబరు 24కు గాని విడుదల కాలేదు. అన్ని నెలలూ తెరమీది కథ తోడు లేకుండానే పాట జనం నోట నిలిచింది.

మరో చిక్కు జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్కించడంలో ఉంది. సంక్రాంతి సినిమాల పాటలు అంతకు ముందు ఏడాది చివరి నెలల్లోనే వస్తాయి. ‘గోదారి గట్టు’ పాట 2024 డిసెంబరులో విడుదలైతే, సినిమా 2025 జనవరి 14న వచ్చింది. ‘సామజవరగమన’ 2019 సెప్టెంబరులోనే వచ్చింది, దాని సినిమా మాత్రం 2020 సంక్రాంతికి విడుదలైంది. అలాంటి పాట బలం రెండు సంవత్సరాల మధ్య చీలిపోయి, రెండింటిలోనూ తగ్గి కనిపించవచ్చు. దసరా నుంచి దసరాకు లెక్కిస్తే సంక్రాంతి పాటకు న్యాయం జరుగుతుంది. బిల్‌బోర్డ్ కూడా తన వార్షిక లెక్కను డిసెంబరు చివరి దాకా లాగదు.

ఇక చార్టులకు అందని ఆదరణ సంగతి. స్పాటిఫైలో పాటను 30 సెకన్లు విన్న ప్రతిసారినీ లెక్కలో వేస్తారు. అమలాపురంలోనో పాలకొల్లులోనో పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వాయించిన పాటను వీధివీధంతా విన్నా ఏ లెక్కలోనూ పడదు. రీల్స్ త్వరగా సూచన ఇస్తాయి గాని, పాటలో ఒక్క ముక్కకే పరిమితమవుతాయి. బ్యాండు వారు పాటను కూర్చుని నేర్చుకోవాలి కాబట్టి ఆలస్యంగా స్పందిస్తారు, అయితే ఒకసారి నేర్చుకున్నదాన్ని త్వరగా వదలరు. అందుకే మాఘమాసపు ముహూర్తాల్లో మోగిన పాట వైశాఖంలోనూ మోగుతుంటే, ఆ సూచనను నేను రీల్స్ కంటే ఎక్కువగా నమ్ముతాను.

జూన్ నాటికి ఒకే పాటను ఎంచుకోవలసి వస్తే, పదో వారంలో ఇంకా మొదటి పదిలో ఉన్నదాన్నే ఎంచుకుంటాను, దాని గరిష్ఠ స్థానం నాలుగైనా సరే. ఆగస్టు తర్వాత వచ్చిన పాటలకు మాత్రం ఈ కొలమానం చాలదు. వాటికి పోగైన వారాలు ఎటూ తక్కువే. అక్కడ సినిమా విడుదలైన మూడో వారం నుంచి పాట ఎంత నెమ్మదిగా దిగుతోందో చూడాలి.