బంగారం కొనేవాళ్లు జాగ్రత్త: 18 శాతం తరుగు అని చెప్పి దాదాపు 21 వేశారు

శ్రావణమాసం ముహూర్తాలకి నగలు కొనబోయేవాళ్లు ఇది చదివి వెళ్లండి ప్లీజ్. మా అమ్మాయి పెళ్లికని విజయవాడలో ఒక పెద్ద షోరూమ్‌లో రాళ్ల నెక్లెస్ తీసుకున్నాం, షాపు పేరు రాయట్లేదు, కానీ అక్కడ జరిగింది మాత్రం మొత్తం చెప్తాను.

బయట బోర్డు మీద తరుగు 6 శాతం నుంచి అని ఇంత పెద్ద అక్షరాలతో ఉంది. లోపలికెళ్లి నచ్చింది చూపిస్తే సేల్స్‌మన్ "ఇది నక్షి వర్క్ మేడమ్, దీనికి వీఏ 18" అన్నాడు. వీఏ అంటే వాల్యూ ఎడిషన్, తరుగుకే వాళ్ల పేరు. సరే పనితనం ఉంది కదా, ఒప్పుకున్నా. ఆ రోజు రేటు గ్రాము 9,000. నగకి దారంతో కట్టిన చిన్న ట్యాగ్ మీద గ్రాస్ (రాళ్లతో కలిపి) 32.450 గ్రాములు, రాళ్లు 4.250, నెట్ (ఒట్టి బంగారం) 28.200 అని ఉంది, అది నేనే కళ్లద్దాలు పెట్టుకుని చదివా. అతను క్యాలిక్యులేటర్ తన వైపు తిప్పుకుని టకటకా కొట్టేసి, చిన్న చీటీ మీద ఫైనల్ అమౌంట్ ఒక్కటే రాసి, "మీకోసం 2,000 తగ్గించా" అన్నాడు, మేం ఆ రెండు వేలకే సంబరపడిపోయి కార్డు ఇచ్చేశాం. బిల్లింగ్ కౌంటర్లో ట్యాగ్ కత్తెరతో కట్ చేసి వాళ్లే ఉంచేసుకున్నారు, చీటీ కూడా అంతే.

రాత్రి మా మరిది బిల్లు చూసి "వదినా, వీఏ 5.841 గ్రాములు వేశారేంటి?" అన్నాడు. 28.200 మీద 18 శాతం అంటే 5.076 రావాలి. 5.841 ఎలా వచ్చిందంటే రాళ్లతో కలిపిన 32.450 మీద వేశారు. అంటే రాళ్ల బరువుకి కూడా బంగారం తరుగు!! అసలు బంగారం మీద చూస్తే అది 20.7 శాతం అవుతుంది. తేడా 0.765 గ్రాములు, 6,885 రూపాయలు, దాని మీద 3 శాతం జీఎస్టీ కలిపితే 7 వేలు దాటింది. మాకు తగ్గించానన్నది రెండు వేలు.

రాళ్ల సంగతి ఇంకా ఘోరం. "క్యారెట్ 900 మేడమ్" అంటే ఎంతోలే అనుకున్నా, రాళ్లకి క్యారెట్ అంటే 0.2 గ్రామే అని అప్పుడు తట్టలేదు. 4.250 గ్రాములంటే 21.25 క్యారెట్లు, 19,125 రూపాయలు, అవి చూస్తే మామూలు ఎర్రరాళ్లు, సీజెడ్‌లు (వజ్రంలా మెరిసే కృత్రిమ రాళ్లు). మర్నాడు అదే షాపుకెళ్లి రేపు మార్చుకుంటే వీటికి ఎంత కడతారు అంటే "రాళ్లకి ఏమీ రాదు మేడమ్" అన్నారు. తరుగు గురించి అడిగితే మేనేజర్ "మా సిస్టమ్‌లో గ్రాస్ మీదే వేస్తామండి" అన్నాడు. వేసుకోండి బాబూ, ఆ ముక్క డబ్బు కట్టకముందు చెప్పాలి కదా? తరుగంటే నగ చేసేటప్పుడు పోయే బంగారం అని మన నానమ్మల కాలం మాట, ఇప్పుడు మజూరి, షాపు లాభం అన్నీ అందులోనే కలిపేస్తున్నారు. లాభం తీసుకోవద్దని ఎవరూ అనరు, ఏసీ షోరూమ్ నడపాలి, జీతాలివ్వాలి, కానీ దేనికెంత తీసుకుంటున్నారో కొనేవాళ్లకి తెలియాలి, పిల్ల పెళ్లికని ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బండీ అది.

నేను హాల్‌మార్క్ చూసుకుని ధీమాగా ఉండిపోయా, అదే నా పొరపాటు. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ, అంటే ప్రతి నగకీ విడిగా ఉండే ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు కోడ్, ఉంటేనే హాల్‌మార్క్ నగ అమ్మాలి, ప్రభుత్వ బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొట్టి చూసుకోవచ్చు, మాది కరెక్ట్‌గానే చూపించింది. కానీ అది స్వచ్ఛత వరకే, లెక్క సరిగ్గా వేశారో లేదో అది చెప్పదు.

అందుకని కార్డు ఇవ్వకముందే నెట్ వెయిట్, స్వచ్ఛత, తరుగు ఎన్ని గ్రాములు, రాళ్లకి ఎంత, హాల్‌మార్క్ చార్జీ, జీఎస్టీ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. తరుగు గ్రాస్ మీదా నెట్ మీదా అని నోరు తెరిచి అడగండి, మొహమాటపడొద్దు. హాల్‌మార్క్ నగకి నెట్ వెయిట్, స్వచ్ఛత, హాల్‌మార్క్ చార్జీ బిల్లులో వేరుగా చూపించాలని రూలే ఉంది. నేను కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టా, ఇంకా ఏమీ తేలలేదు. బిల్లుంది కానీ చీటీ లేదు, ట్యాగ్ లేదు, 18 అన్నారని చూపించడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు. మీరు మాత్రం ట్యాగ్ కత్తిరించకముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి, చీటీ వెనక్కి ఇవ్వకండి.