తాళ్లరేవు పీతల కొట్టు: సరుకు మంచిదే, ఒక్క విషయంలో మాత్రం నాకు పేచీ

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో, తాళ్లరేవు దాటాక రేకుల షెడ్డులో భార్యాభర్తలిద్దరూ నడుపుతున్న కొట్టు ఇది. కోరింగ మడ అడవుల్లో పట్టిన మండపీతలే (బురదలో పెరిగే పెద్ద పీతలు) అమ్ముతారు, అన్నీ బతికున్నవే. నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను, అందుకని రుచి గురించి మాత్రమే రాసి ఊరుకోలేను.

డెక్కలు తాడుతో బిగించి, తడి గోనెసంచి కప్పి ఉంచుతారు. తూకం వేసే ముందు ఆవిడ ప్రతి పీతనీ వెల్లకిలా తిప్పి, కాళ్ల మొదట్లో బొటనవేలితో నొక్కి చూస్తుంది. మెత్తగా ఉంటే తీసి పక్కన పెట్టేస్తుంది. అది ఈమధ్యే పెంకు మార్చుకున్న పీత, లోపల కండ తక్కువ, నీళ్లెక్కువ. చాలాచోట్ల వీటిని తూకంలో కలిపేస్తారు.

తిప్పినప్పుడు పొట్ట కింద మడిచి ఉన్న మూతని మీరూ చూడండి. సన్నగా ఉంటే మగది. త్రికోణంలా ఉంటే ఇంకా ఎదగని ఆడది. వెడల్పుగా, గుండ్రంగా, నల్లబడి ఉంటే పక్వానికి వచ్చిన ఆడది. మూత కింద గుడ్ల గుత్తి బయటికి కనిపిస్తే, "ఇది ఇవ్వమండి, మా ఆయన మళ్లీ నీళ్లలో వదిలేస్తారు" అంటుంది ఆవిడ. నా ఎదురుగానే ఒకాయన ఎక్కువ డబ్బులిస్తానన్నా ఒప్పుకోలేదు. పావుకిలో లోపువి అసలు కొనరు. వాళ్లంతట వాళ్లు పెట్టుకున్న ఈ నియమాలకి చాలా విలువుంది. ఎందుకంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం సముద్రంలో తిరిగే మరబోట్లకే గానీ, మడ కాలువల్లో వల వేసే చిన్న నావలకి కాదు.

వాళ్లు పావుకిలో లెక్క కన్నా మూత చూసి కొంటే ఇంకా మంచిది. ఎర్ర డెక్కల చిన్న రకం చిన్న సైజులోనే పక్వానికి వస్తుంది, పెద్ద మండపీత అదే బరువులో ఇంకా పిల్లే.

నా పేచీ గుడ్డు పీత దగ్గర. పెంకు వెనక సందులోంచి నారింజ రంగు గుడ్డు చూపించి, అన్నిటికన్నా ఎక్కువ ధరకి అమ్ముతారు. అది లోపలి గుడ్డు, ఇంకా పెట్టనిది. పక్వానికి వచ్చిన ఆడపీత మొగ (నీళ్లు సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలోకి వెళ్లి గుడ్లు పెడుతుంది, పిల్లలకి మొదట్లో సముద్రపు ఉప్పు కావాలి గనక. ఒక్క విడతకే గుడ్లు లక్షల్లో ఉంటాయి. పైగా ఒకసారి కలిశాక మగపీత ఇచ్చిన బీజాన్ని ఆడపీత లోపలే దాచుకుంటుంది కాబట్టి, మళ్లీ కలవకుండానే ఇంకో విడత కూడా పెట్టగలదు. బయట గుడ్లున్న పీత మడల్లో అరుదుగా దొరకడానికి కారణం ఇలా సముద్రంలోకి వెళ్లిపోవడమే. అంటే వీళ్లు వదిలేసేది ఎప్పుడో చిక్కే ఒకటీ అరా, అమ్మేది సముద్రానికి బయల్దేరిన తల్లుల్ని.

ఈ మాటే ఆవిడ భర్తతో అన్నాను. ఆయన శ్రద్ధగా విని, "ఆదివారం వచ్చినోళ్లు అదే అడుగుతారండి. లేదంటే పక్క కొట్టుకి పోతారు. ఆయ్, మీరే చెప్పండి, ఏం చేయమంటారు?" అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. కొనేవాళ్లు అడగడం మానకపోతే ఒక్క కొట్టు ఎంతకని నష్టం భరిస్తుంది?

అందుకే అడిగి మరీ మగపీతలు తీసుకోండి. ఇక్కడ గుడ్డు పీత కన్నా చవక, డెక్కలు పెద్దవి, వాటిలోనే అసలు కండ. చింతపండు పులుసులో ఉల్లిపాయ ఎక్కువేసి వండితే మా ఇంట్లో గుడ్డు ఊసే ఎత్తలేదు. అడిగితే శుభ్రం చేసి, డెక్కలు చితక్కొట్టి ఇస్తారు, దానికి వేరే డబ్బులు తీసుకోరు. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కేసరికి పెద్దవి అయిపోతాయి.