నమ్మిన అంగడా, తక్కువ ధరా: ఏది మేలు?

ఒకే వస్తువు రెండు చోట్ల దొరుకుతున్నప్పుడు, ఏళ్లుగా వాడుకగా వెళ్తున్న అంగడిలో కొంత ఎక్కువ పెట్టి కొనడం మేలా, ఎక్కడ చవకగా ఉంటే అక్కడికి వెళ్లడం మేలా అనే ప్రశ్నకు చాలామంది తమ స్వభావాన్ని బట్టే జవాబు చెప్పుకుంటారు. డబ్బు విషయంలో నిక్కచ్చిగా ఉండేవారు ధర చూస్తారు, మొహమాటం ఉన్నవారు పాత అంగడినే పట్టుకుని ఉంటారు. నా దృష్టిలో ఇది స్వభావానికి వదిలేయవలసిన విషయం కాదు. కొంటున్న వస్తువు మంచిచెడ్డలు కొనేటప్పుడే మనకు తెలుస్తాయా, తరువాతెప్పుడో బయటపడతాయా అన్న దాని మీదే జవాబు ప్రధానంగా ఆధారపడుతుంది. మిగిలిన లెక్కలన్నీ దాని తరువాతే వస్తాయి.

ముందు తక్కువ ధర పక్షాన్ని చూద్దాం. తయారుచేసిన సంస్థ ఒకటే, మోడల్ ఒకటే, పరిమాణం ఒకటే, వారంటీ ఇచ్చేది కూడా తయారీదారే, పెట్టెకు వేసిన సీలు కూడా విప్పలేదు అన్నప్పుడు, అమ్మేవారు ఆ వస్తువుకు అదనంగా చేర్చేది దాదాపు ఏమీ ఉండదు. అలాంటి వస్తువును పరిచయం కొద్దీ ఎక్కువ ధరకు కొంటే ఆ తేడాను కానుకగా ఇచ్చినట్టే. ఇష్టంతో ఇస్తే తప్పు లేదు గాని, దాన్ని మంచి బేరంగా లెక్క వేసుకోకూడదు.

ధరలు పోల్చి చూసేవారిని పిసినారులని చులకన చేయడం కూడా న్యాయం కాదు. ఒక అంగడి నుంచి మరో అంగడికి వెళ్లి ధర కనుక్కోవడానికి కొనేవారందరికీ కొద్దిపాటి శ్రమ తప్పనప్పుడు ఏం జరుగుతుందో 1971లో పీటర్ డైమండ్ అనే ఆర్థికవేత్త విశ్లేషించారు. ఆ శ్రమ విలువకన్నా తక్కువగా ధర పెంచితే కొనేవారు కదలరని ప్రతి అంగడికీ తెలుసు కాబట్టి, అన్నీ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయి, ఎన్ని అంగళ్లు ఉన్నా చివరికి ఒకే ఒక్క అంగడి ఉన్నప్పటి ధరకు చేరుకోగలవని ఆయన చూపించారు. వాస్తవంలో ధరలు అంతదాకా వెళ్లకపోవడానికి ఒక ముఖ్య కారణం, నాలుగు చోట్ల ఓపికగా అడిగి తెలుసుకునేవారు కొందరైనా ఉండడమే. ఎన్నడూ ధర అడగకుండా ఒకే చోట కొనేవారికి అందుతున్న న్యాయమైన ధర కూడా కొంతవరకు వారి చలవే.

అయితే వెతకడానికీ ఒక హద్దు ఉంది. వెతుకులాటకు అయ్యే ఖర్చును ఆర్థికశాస్త్రంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు జార్జ్ స్టిగ్లర్. 1961లో ఆయన రాసిన వ్యాసం చెప్పినదాని సారం ఏమిటంటే, అడిగే అంగళ్ల సంఖ్య పెరిగే కొద్దీ ఒక్కో కొత్త అంగడి వల్ల కలిగే లాభం తగ్గిపోతుంది. దీనిని చిన్న లెక్కతో సరిచూడవచ్చు. ఒక వస్తువు ధరలు కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా సమంగా పరచుకుని ఉన్నాయని అనుకుంటే, ఒక్క చోటే అడిగినవారికి సగటున ఆ వ్యత్యాసంలో సరిగ్గా మధ్య ధర దొరుకుతుంది. రెండు చోట్ల అడిగితే కనిష్ఠం నుంచి మూడో వంతు ఎత్తులో, మూడు చోట్ల అడిగితే నాలుగో వంతు, నాలుగు చోట్ల అడిగితే ఐదో వంతు ఎత్తులో ఉన్న ధర దొరుకుతుంది. అంటే రెండో అంగడి ఆ వ్యత్యాసంలో ఆరో వంతు మిగిల్చితే, నాలుగో అంగడి మిగిల్చేది 20వ వంతు మాత్రమే. ఒక్క చోటుతో ఆగిపోయేవారు చాలా పోగొట్టుకుంటారు. పది చోట్ల తిరిగేవారు సంపాదించేది బహు స్వల్పం. మూడు నాలుగు చోట్ల కనుక్కుని ఆగిపోవడం దాదాపు అన్ని వస్తువులకూ సరిపోతుంది.

వెతకడంలో మనం చేసే అసలు పొరపాటు వేరే ఉంది. 1981లో ఏమోస్ ట్వెర్స్కీ, డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక ప్రయోగంలో, 20 నిమిషాల దూరంలో ఉన్న మరో అంగడికి వెళ్తే కొంత డబ్బు మిగులుతుంది, వెళ్తారా అని అడిగారు. మిగిలే మొత్తం ఒకటే, కానీ ఒక బృందానికి అది వస్తువు ధరలో మూడో వంతుగా, మరో బృందానికి 25వ వంతుగా కనిపించేట్టు చేశారు. మొదటి బృందంలో 68 శాతం మంది వెళ్తామన్నారు, రెండో బృందంలో 29 శాతం మందే వెళ్తామన్నారు. రోజువారీ కొనుగోళ్లలోనూ ఇదే జరుగుతుంది. చిన్న వస్తువు మీద సగం తగ్గిందని ఊరంతా తిరుగుతాం, పెద్ద వస్తువు కొనేటప్పుడు ఎంత తేడా ఉన్నా ఇంత పెట్టేవాళ్లం ఇంకొంత పెట్టలేమా అని సర్దుకుంటాం. చూడవలసినది శాతం కాదు, చేతిలో మిగిలే మొత్తం. ధర వెతికే ఓపిక పరిమితంగా ఉంటే, దాన్నంతా ఏడాదికి రెండు మూడుసార్లు కొనే పెద్ద వస్తువులకు, నెలనెలా తప్పకుండా కట్టే వాటికి ఖర్చుపెట్టడం మేలు.

ఇక కంటికి కనిపించే తక్కువ ధర నిజంగా తక్కువేనా అన్నది మరో సంగతి. రవాణా రుసుము, వస్తువును వాపసు చేసేటప్పుడు పడే కోత, అదే పరిమాణంలో కనిపించే పొట్లంలో తగ్గిన బరువు ధరల పట్టికలో కనిపించవు. కొట్టివేసి చూపించే పాత ధరనైతే ఒక పట్టాన నమ్మకూడదు. ఈ బెడద ఎంత పెద్దదంటే, తగ్గింపు ప్రకటించే ప్రతి అమ్మకందారూ దానికి ముందు 30 రోజుల్లో తాను అమ్మిన కనిష్ఠ ధరను చూపించాలనే నియమాన్ని ఐరోపా సమాఖ్య 2022 మే నుంచి అమలులోకి తెచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా, చాలా అంగళ్లు అందరికీ ధర తెలిసిన నాలుగు వస్తువులను లాభం లేకుండా అమ్మి, ధర ఎవరికీ గుర్తుండని నలభై వస్తువుల మీద రాబట్టుకుంటాయి. అందుచేత ఒక్క వస్తువు ధర చూసి అంగడిని మెచ్చుకోవడం గాని తప్పుపట్టడం గాని సరికాదు. నెల సరుకుల మొత్తాన్ని పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడే విషయం తేలుతుంది.

ఇప్పుడు నమ్మిన అంగడి వైపు వద్దాం. ఇక్కడే నాకు చెప్పవలసినది ఎక్కువ ఉంది.

పాత వాహనం, లోపలి భాగం మార్చవలసిన యంత్రం, ఏడాది తరువాత గాని నాణ్యత బయటపడని పనిముట్లు వంటి వాటి అసలు విలువ అమ్మేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు. 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల సంత ఉదాహరణగా దీనిని వివరించారు. మంచిదేదో చెడ్డదేదో తెలియని కొనుగోలుదారు సగటు ధరే ఇస్తానంటాడు, ఆ ధరకు మంచి సరుకు ఉన్నవారు అమ్మలేక తప్పుకుంటారు, చివరికి సంతలో నాసిరకమే మిగులుతుంది. అలాంటి చోట తక్కువ ధర కోసం వెతకడమంటే నాసిరకాన్ని వెతుక్కోవడమే అవుతుంది. ఈ చిక్కుకు ఉన్న పాత మందు వాడుక అంగడి. మనం మళ్లీ మళ్లీ వస్తామని, మనవాళ్లనూ తీసుకొస్తామని తెలిసిన అంగడివారికి, ఒక్కసారి మోసం చేసి సంపాదించేదానికన్నా పోగొట్టుకునేది ఎన్నో రెట్లు ఎక్కువ. బెంజమిన్ క్లైన్, కీత్ లెఫ్లర్ అనే ఆర్థికవేత్తలు 1981లో ఈ తర్కాన్నే మరో అడుగు ముందుకు తీసుకెళ్లారు. నాణ్యతకు ఇచ్చే ఆ కాస్త అదనపు ధరే అమ్మేవారిని నిజాయతీగా నిలబెడుతుంది, ఎందుకంటే మోసం చేస్తే పోయేది ఆ అదనపు రాబడే. అడుగంటిన ధరకు అమ్మే అంగడికి పోగొట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి, దానికి మాట నిలబెట్టుకోవలసిన ఒత్తిడీ లేదు.

కాబట్టి మరమ్మతులు, పాత సామాను, ఒంటికి సరిగ్గా అమరవలసిన కళ్లజోడు, చెప్పులు వంటి వాటిలో నేను నిస్సంకోచంగా నమ్మిన అంగడి వైపే మొగ్గుతాను. ఆ నమ్మకానికి తగిన అంగడి ఏదో తెలుసుకోవడానికి నాకు కనిపించే గట్టి ఆధారం ఒక్కటే: ఎప్పుడైనా ఆ అంగడివారు, ఇది మీకు అవసరం లేదండీ, పాతదే ఇంకా పనికొస్తుంది అని చెప్పి, వచ్చే డబ్బును వదులుకున్నారా? అలా చెప్పినవారికి ఇచ్చే అదనపు ధర వృథా కాదు. ఎంత కాలంగా వెళ్తున్నా ఒక్కసారీ అలాంటి మాట వినని చోట, చిరునవ్వునూ పలకరింపునూ నమ్మకమని అనుకోవద్దు.

సరుకు కొరతలోనూ పరిచయం అక్కరకు వస్తుంది. మంచు తుపాను పడిన మర్నాడు మంచు ఎత్తే పారల ధర పెంచిన అంగడి గురించి కానమన్, ఆర్థికవేత్తలు నెట్‌చ్, థేలర్ కలిసి 1986లో ప్రచురించిన సర్వేలో అడిగితే, 82 శాతం మంది అది అన్యాయమన్నారు. ఆ కోపం భయానికి, రోజూ వచ్చేవారి మీద ఆధారపడ్డ అంగళ్లు కొరత రోజుల్లో ధర నిలిపి ఉంచి, ఉన్న సరుకును తెలిసినవారికి ముందుగా ఇవ్వాలని చూస్తాయి. ఒక్కసారి వచ్చిపోయే కొనుగోలుదారుకు ఆ వరుసలో చోటు ఉండదు.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో చెప్పిన మరో సంగతి కూడా నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. నాణ్యత పడిపోయినప్పుడు వెళ్లిపోయేవారు చెప్పకుండా వెళ్లిపోతారు, అంగడివారికి ఎందుకు పోయారో తెలియదు. అభిమానం ఉన్నవారు ఆగి, ఇదివరకులా లేదని చెప్తారు, దిద్దుకునే అవకాశం ఇస్తారు. అందుకే నమ్మిన అంగడికి వెళ్లేవారికి ఒక బాధ్యత ఉంది: బాగోనప్పుడు నోరు విప్పాలి. ఎప్పుడూ ఫిర్యాదు చేయకుండా ఎక్కువ ధర ఇస్తూ పోయే అభిమానం అంగడినీ పాడుచేస్తుంది.

ఇక్కడ ఒక దొంగ విధేయతను వేరు చేయాలి. పాయింట్ల కార్డు, దానంతటదే పునరుద్ధరణ అయ్యే బీమా, ఏళ్ల తరబడి మార్చని ఫోను ప్లాను వంటివి చూడడానికి విశ్వాసంలా ఉంటాయి గాని, అవతల మనల్ని గుర్తుపట్టే మనిషి లేడు. పైగా అక్కడ విధేయతకు దక్కేది తరచుగా శిక్షే. బ్రిటన్‌లో ఇల్లు, వాహన బీమా సంస్థలు పాత ఖాతాదారుల ధరను ఏటేటా పెంచుతూ, కొత్తవారికి మాత్రం తక్కువకు ఇస్తుండడంతో, పునరుద్ధరించుకునేవారికి కొత్తవారికన్నా ఎక్కువ ధర వేయకూడదని అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ 2022 జనవరి 1 నుంచి నిబంధన పెట్టవలసి వచ్చింది. ఇలాంటి చోట ఏ మొహమాటమూ అక్కరలేదు. గడువు ముగిసే ముందు ప్రతిసారీ మూడు చోట్ల ధర కనుక్కోవాలి, తక్కువ ఉన్నచోటికి మారాలి.

దీనికి పూర్తిగా భిన్నమైన మరో పని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఒక అంగడిలో గంటసేపు వస్తువులు చూసి, వేసుకుని, అడిగి, అనుభవమున్న మనిషి సలహా తీసుకుని, బయటికి వచ్చి అదే వస్తువును వేరే చోట చవకగా కొనడం తక్కువ ధర వెతకడం కాదు. ఆ చవక ధర చవకగా ఉండడానికి కారణం, సలహా చెప్పే మనిషి జీతం, చూపించడానికి పెట్టిన సరుకు ఖర్చు, అంగడి అద్దె మరొకరు భరించడమే. అందరూ అలాగే చేస్తే సలహా చెప్పేవారే మిగలరు. సలహా వాడుకున్నవారు అక్కడే కొనాలి. లేదా, ఫలానా చోట ఇంతకు వస్తోంది, మీరు ఎంతవరకు తగ్గించగలరని ముఖాముఖి అడగాలి. అలా అడగడం అవమానం కాదు, మంచి అంగళ్లు దాన్ని ఆదరంగానే తీసుకుంటాయి.

ఆదాయం బొటాబొటిగా ఉన్నవారి మాట వేరు. వారికి ప్రతి తేడా ముఖ్యమే కాబట్టి ధరను ముందు పెట్టుకోవడంలో సంకోచించవలసిన పని లేదు. అయితే అలాంటివారికే నమ్మిన అంగడి అరువు రూపంలో పెద్ద అండ అవుతుంది, చేతిలో డబ్బు లేని వారంలో ఇల్లు గడిపిస్తుంది. ఆ అరువు ఖరీదు చాలాసార్లు సరుకు ధరలోనే కలిసి ఉంటుంది. ఎంత కలిసి ఉందో అప్పుడప్పుడు లెక్క చూసుకోవాలి, ఎందుకంటే తీరని ఖాతా మరో అంగడికి వెళ్లే స్వేచ్ఛను మెల్లగా లాగేసుకుంటుంది.

వాడుక అంగడి ఉన్నవారు ఏడాదికి ఒకటి రెండుసార్లు తమ సరుకుల మొత్తం బిల్లును మరో రెండు చోట్ల ధరలతో పోల్చుకోవడం మంచిది. తేడా కొద్దిగా ఉండి, సలహా, మరమ్మతు, వాపసు సదుపాయం నిజంగా అందుతుంటే అక్కడే కొనసాగవచ్చు. తేడా పెద్దదై, అందేది పలకరింపు మాత్రమే అయితే, సీలు వేసిన సరుకులను వేరేచోటికి మార్చి, చూసి తెలుసుకోలేని వాటికి మాత్రం పాత అంగడిని ఉంచుకోవచ్చు. అంగడి చేతులు మారినప్పుడు, మనకు తెలిసిన మనిషి వెళ్లిపోయినప్పుడు, పేరూ బోర్డూ అవే ఉన్నా దాన్ని కొత్త అంగడిగానే చూడాలి. ముందు చిన్న వస్తువులు కొని, కొత్తవారి మాట ఎలా ఉందో, చెడిపోయిన వస్తువును ఎలా వాపసు తీసుకుంటున్నారో చూసిన తరువాతే పెద్ద పనులు వారికి అప్పగించాలి.