భరణంగానం: జబ్బుమనిషిని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్ల కోసం

కేరళలోని భరణంగానంలో కత్తోలిక పునీతురాలు అల్ఫోన్సమ్మ సమాధి ఉంది. అక్కడికి వెళ్తే జులైలో ఆమె పండుగకే వెళ్లాలని మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, చాలామంది అంటారు. జబ్బుమనిషితో వెళ్లేవాళ్లకు నేను ఆ మాట చెప్పను. పండుగ జులై 19న మొదలై 28 దాకా సాగుతుంది. కేరళలో అప్పుడు వాన దంచికొడుతుంటుంది. తడిసిన నేల మీద, జనం మధ్య, లైన్లో నిలబడటం కీళ్లనొప్పులవాళ్ల వల్ల అయ్యే పని కాదు. మా అక్కకు ఏళ్ల తరబడి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే కీళ్లవాతం. అందుకే మేం ఫిబ్రవరిలో, ఆదివారం కాకుండా చూసుకుని వెళ్లాం.

ఫిబ్రవరి ఎంచుకోవడానికి ఇంకో కారణం రైలు. గుంటూరు, తెనాలి వైపు వాళ్లకు కొట్టాయం దాకా నేరుగా వెళ్లేది శబరి ఎక్స్‌ప్రెస్. అయ్యప్ప స్వాములు ఎక్కేదీ అదే. మండల దీక్షల నుంచి మకరజ్యోతి దాకా అందులో బెర్తు దొరకడం గగనం. జ్యోతి దాటాక కింది బెర్తు అడిగి మరీ తీసుకోవచ్చు. విమానంలో అయితే కొచ్చిలో దిగాలి. అక్కణ్ణుంచి కారులో రెండు గంటల పైనే పడుతుంది, చాలావరకు మలుపుల రోడ్డే.

కొట్టాయం నుంచి ఏట్టుమానూరు, పాలా మీదుగా వెళ్తే భరణంగానం. పాలా నుంచి ఈరాట్టుపేట వెళ్లే బస్సులన్నీ ఆ ఊరి మీదుగానే పోతాయి, తరచుగా ఉంటాయి. కానీ బస్సు మెట్టు ఎత్తు, పైగా డ్రైవర్లు ఆగీ ఆగగానే కదిలించేస్తారు. మోకాళ్లు బాగాలేనివాళ్లకు టాక్సీయే మేలు. ఎక్కేముందే వెయిటింగ్‌కి ఎంతో మాట్లాడుకోండి, అక్కడ తొందరపడి లేవకూడదు కదా.

బస విషయంలో మాది మిశ్రమ అనుభవం. మొదటి రాత్రి గుడికి దగ్గర్లోనే ఒక చిన్న లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, మనుషులు మంచివాళ్లు, అద్దె తక్కువ. కానీ గది మేడమీద, లిఫ్టు లేదు, బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీ లేదు. అక్కకు పొద్దున లేవగానే వేళ్లు, మడమలు బిగుసుకుపోతాయి, అవి వదలడానికి గంట పైనే పడుతుంది. ఆ పరిస్థితిలో మెట్లు దిగడం నరకం. మర్నాడు పాలాకు మారాం. అక్కడ లిఫ్టున్న హోటళ్లు ఉన్నాయి. గుడికి ఐదారు కిలోమీటర్ల దూరం పెరిగినా నష్టమేమీ లేదు. ఫోన్లో బుక్ చేసేటప్పుడు "లిఫ్టు ఉందా" అని అడిగి ఊరుకోకండి, బాత్రూం ఫొటో పంపమనండి. భోజనం దగ్గర అక్కకు లావు ఎర్రబియ్యం అన్నం పడలేదు. రాత్రిపూట గంజి, పెసలు అడిగితే ప్రేమగా చేసిపెట్టారు. మాత్రలు వేసుకునేవాళ్ల పొట్టకు అంతకంటే హాయైనది అక్కడ నాకు కనిపించలేదు.

ఇక సమాధి. అక్కను వేళ్లు వదిలాక, పది దాటాక తీసుకెళ్లాను. గుణదల కొండంత ఎక్కడమేమీ లేదు. సమాధి ఉన్న చాపెల్, అంటే ప్రార్థనాలయం, చిన్నది. లోపల ఎవరూ ఎవరినీ తోయరు, "కదలండి కదలండి" అనే వాలంటీరు లేడు. మా పక్కన ఒకామె తల మీద గుడ్డ చుట్టుకుని ఉంది, కీమోథెరపీకి జుట్టు రాలినట్టుంది. ఆమె భర్త మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని జపమాల తిప్పుతున్నాడు. అక్క వంకరపోయిన వేళ్లను రెండో చేత్తో ఒక్కొక్కటే సాగదీసి, అరచెయ్యి మొత్తం రాతికి ఆనేలా పెట్టింది. కాసేపటికి "లేద్దామా అక్కా" అంటే, "ఉండరా, ఈవిడతో నాకు పనుంది" అంది.

ఆ పనేమిటో అల్ఫోన్సమ్మ జీవితం తెలిస్తే అర్థమవుతుంది. 1910లో కుడమాలూరులో పుట్టింది, పేరు అన్నకుట్టి. పుట్టిన మూడు నెలలకే తల్లి పోయింది. ముట్టుచిరలో పెద్దమ్మ దగ్గర పెరిగింది. పెళ్లి తప్పించుకోవడానికి పొట్టు కాలుతున్న గుంటలో కాలుపెట్టి, పాదాలు కాల్చుకుంది. 1927లో భరణంగానంలో క్లారిస్టు కన్యాస్త్రీల మఠంలో చేరింది. అక్కణ్ణుంచి ఒకటే జబ్బులు: రక్తస్రావం, కాళ్ల మీద పుండ్లు, 1939లో న్యుమోనియా. 1940లో అర్ధరాత్రి గదిలోకి దొంగ దూరితే ఆ షాక్‌కి కొన్నాళ్లు జ్ఞాపకం పోయింది. చివర్లో రోజుకు నలభైసార్ల దాకా వాంతులు. 1946 జులై 28న, 35 ఏళ్లు నిండి 36వ ఏట నడుస్తుండగా కన్నుమూసింది. 2008లో పదహారవ బెనెడిక్టు పోపుగారు పునీతురాలిగా ప్రకటించారు. మన దేశపు తొలి పునీతురాలు ఆమే. అందుకు లెక్కలోకి తీసుకున్న అద్భుతం, పుట్టుకతో పాదాలు వంకరగా ఉన్న ఒక పసివాడికి నయం కావడం. కాల్చుకున్న పాదాలతో బతికినామె దగ్గర ఆ బిడ్డ పాదాలు బాగుపడ్డాయన్న మాట నన్ను కదిలించింది. కానీ అక్క అడిగింది నయం కావాలని కాదు. రాత్రి నొప్పితో నిద్రపట్టనప్పుడు చిరాకుపడకుండా ఉండే ఓపిక అడిగానని పాలాకు తిరిగొచ్చేటప్పుడు చెప్పింది.

పూజ గురించి ఒక మాట. అక్కడిది సీరో మలబారు ఆచారం, అంటే కేరళ కత్తోలికుల తూర్పు సంప్రదాయం. భాష మలయాళం. మనం అలవాటుపడిన లాటిను ఆచారపు దివ్యబలిపూజ కంటే వరస వేరు, నిడివి ఎక్కువ. అయినా కత్తోలికులకు దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోవడానికి ఏ అడ్డూ లేదు. అంతసేపు కూర్చోలేనివాళ్లను వెనక, చివర వరసలో కూర్చోబెట్టండి. మధ్యలో లేచి బయటికొచ్చినా ఎవరూ తప్పుపట్టరు.

మఠంలో ఆమె గడిపిన గదిని, వాడుకున్న వస్తువులను భద్రపరిచారు. అందరూ సమాధి చూసి అటునుంచి అటే కారెక్కేస్తారు, నాకది బాధగా అనిపించింది. గది చిన్నది. మంచానికే పరిమితమైన మనిషికి లోకమంతా ఎంత మేరో అక్కడ నిలబడితే తెలుస్తుంది. అక్క సమాధి దగ్గర ఏడవలేదు, ఇక్కడ ఏడ్చింది.

తిరుగుదారిలో కుడమాలూరు చూశాం. కొట్టాయం మెడికల్ కాలేజీకి దగ్గరే, ఆస్పత్రి పని మీద వచ్చినవాళ్లు కూడా ఒక పూటలో చూసుకోవచ్చు. పుట్టిన ఇంటిని అలాగే ఉంచారు. ప్రశాంతంగా ఉంటుంది, కూర్చోవడానికి నీడ దొరుకుతుంది. ముట్టుచిర మాత్రం వదిలేశాం. టాక్సీ అతను అన్నీ ఒక్కరోజులో చుట్టిస్తానన్నాడు, అక్క వద్దంది. ఒంట్లో ఓపికున్నవాళ్లు అదీ చూడండి. ఏదో ఒకటి తగ్గించక తప్పదంటే ముట్టుచిరను తగ్గించుకోండి, మఠంలోని గదిని కాదు.