సుడో నోపాస్‌వర్డ్: ఒక్క కమాండ్‌కి ఇస్తే హాయి, అన్నిటికీ ఇస్తే ముప్పు

అర్ధరాత్రి క్రాన్‌లో (లినక్స్‌లో పనుల్ని చెప్పిన టైంకి వాటంతటవే నడిపేది) నడిచే నా బ్యాకప్ స్క్రిప్ట్ మధ్యలో డేటాబేస్ సర్వీస్‌ని ఆపి మళ్ళీ లేపాలి, దానికి రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) కావాలి, కమాండ్‌ని రూట్‌గా నడిపించే సుడోనేమో పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ టైంలో కొట్టేవాళ్ళెవరు? పొద్దున లాగ్ తెరిస్తే, పాస్‌వర్డ్ తీసుకోవడానికి టెర్మినల్ లేదన్న ఎర్రర్ ఉంది, బ్యాకప్ లేదు.

చాలామంది పాస్‌వర్డ్‌ని స్క్రిప్ట్‌లోనే రాసి, ఎకోతో సుడో మైనస్ పెద్ద ఎస్‌కి (-S) పైప్ చేయమంటారు. దయచేసి ఆ పని చేయకండి. స్క్రిప్ట్ చదవగలిగిన ప్రతివాడికీ మీ పాస్‌వర్డ్ తెలిసిపోతుంది, చేత్తో కొడితే హిస్టరీలోనూ ఉండిపోతుంది.

సుడోయర్స్‌లో, అంటే సుడో రూల్స్ ఉండే ఫైల్‌లో, నోపాస్‌వర్డ్ (NOPASSWD అని రాయాలి) అన్న ట్యాగ్ పెట్టి, ఆ ఒక్క కమాండ్‌నీ పూర్తి పాత్‌తో, ఆర్గ్యుమెంట్లతో సహా రాస్తే పని అయిపోతుంది. ఆ ఫైల్‌ని దానికోసమే ఉన్న వీసుడో కమాండ్‌తోనే ఎడిట్ చేయండి, తప్పు రాస్తే సేవ్ కాకముందే పట్టుకుంటుంది. నాకు ఒక పూట పోయింది మాత్రం ఫైల్ పేరు దగ్గర: అదనపు రూల్ ఫైళ్ళు పెట్టే సుడోయర్స్ డాట్ డి ఫోల్డర్‌లో పేరులో చుక్క ఉన్న ఫైల్‌ని సుడో అసలు చదవదు, ఒక్క మాటా చెప్పదు! ఇంకోటి, ఒకే కమాండ్‌కి రెండు రూల్స్ తగిలితే చివరిదే చెల్లుతుంది, కాబట్టి మీ లైన్ కింద గ్రూప్ రూల్ ఉంటే మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతుంది.

భద్రత విషయంలో నాకు నిజంగా భయం వేసేది ఇక్కడే. విమ్ ఎడిటర్‌కి నోపాస్‌వర్డ్ ఇస్తే దానిలోంచి రూట్ షెల్ తెరుచుకోవచ్చు. మీరే ఎడిట్ చేయగలిగే స్క్రిప్ట్‌కి ఇచ్చినా అంతే, అందులో ఏం రాస్తే అది రూట్‌గా నడుస్తుంది, అందుకే ఆ ఫైల్, అది ఉన్న ఫోల్డర్ రూట్ పేరు మీదే ఉండాలి.

స్క్రిప్ట్‌లో సుడోకి మైనస్ ఎన్ తగిలించండి, పాస్‌వర్డ్ అవసరమైతే ఎదురుచూడకుండా వెంటనే ఎర్రర్ ఇచ్చి బయటికొస్తుంది. మీరే కీబోర్డు ముందు కూర్చుని పనిచేస్తుంటే ఇవేవీ అక్కర్లేదు, ఒకసారి పాస్‌వర్డ్ కొడితే మామూలుగా 5 నిమిషాలు, ఉబుంటులో 15 నిమిషాలు గుర్తుంచుకుంటుంది.

ఈ నోపాస్‌వర్డ్ పద్ధతికి అయిదుకి నాలుగు ఇస్తాను, తగ్గించిన ఒకటీ ఆ చుక్క గొడవకే. అన్నట్టు, క్లౌడ్ ఇమేజ్‌లలో డిఫాల్ట్ యూజర్‌కి చాలాసార్లు అన్ని కమాండ్లకీ నోపాస్‌వర్డ్ ముందే ఇచ్చేసి ఉంటుంది, మీకున్న అనుమతులు చూపించే సుడో మైనస్ ఎల్ కొట్టి ఈరోజే చూసుకోండి.