రాజోలు హార్డ్‌వేర్ షాపులో నా యాంటెన్నా సామాను

హామ్ రేడియోకి, అంటే సరదాకి నడుపుకునే వైర్‌లెస్ సెట్టుకి, యాంటెన్నా సొంతంగా కట్టుకునే కోనసీమ వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రాజోలులో నేను ఆరేళ్లుగా వెళ్తున్న హార్డ్‌వేర్ షాపు గురించి.

ఇదివరకు అల్యూమినియం గొట్టాలతో మూడు ఎలిమెంట్ల (అడ్డకడ్డీల) యాగీ కట్టాను. యాగీ అంటే ఒకవైపే బాగా పట్టే యాంటెన్నా. మేడ మీద బాగానే పనిచేసింది. దాచిపెట్టిన ట్రాన్స్‌మిటర్‌ని వెతికే ఆట ఉంది, ఫాక్స్ హంట్ అంటాం. దానికోసం ఆ యాంటెన్నా పట్టుకుని అరటితోటలో దిగితే అడుగడుక్కీ ఆకుల్లో చిక్కుకునేది. చివరికి ఒక గొట్టం వంగిపోయింది. జో లెగ్గియో అనే అమెరికా హామ్ స్టీలు కొలత టేపుతో కట్టే డిజైన్ ఒకటి ఇచ్చారు. టేపు ముక్క ఆకు తగిలితే వంగుతుంది, వదలగానే మళ్లీ లేచి నిలబడుతుంది. మన తోటలకి ఇంతకన్నా మంచిది నాకు కనబడలేదు.

అయిదు మీటర్ల టేపు, వెడల్పు అంగుళం ఉన్నదే అడిగాను. రేకు కత్తెర కూడా అడిగేసరికి షాపాయన కంగారుపడ్డారు. "ఆయ్, కొత్త టేపు కోసేస్తారా అండీ!" అన్నారు. ఎందుకో చెప్పాక కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కౌంటరు మీదే కోశాం. వెనక రిఫ్లెక్టరుకి 105 సెంటీమీటర్లు, ముందు డైరెక్టరుకి 89, మధ్యలో కేబుల్ తగిలించే ఎలిమెంటుకి 45 చొప్పున రెండు ముక్కలు. టేపు కొసనున్న కొక్కెం కొంచెం కదులుతుంది, అక్కణ్నించి కొలవకండి. పది గీత దగ్గర మొదలుపెట్టండి.

అర అంగుళం పీవీసీ పైపు ఎంత కావాలంటే అంతే కోసిచ్చారు, పూర్తి పైపు కొనమనలేదు. నాకు ఈ షాపులో బాగా నచ్చింది ఇదే. పైపులు కలిపే జాయింట్లు, రెండు క్రాస్‌లు, ఒక టీ కూడా అక్కడే దొరికాయి. రిఫ్లెక్టరు నుంచి మధ్య ఎలిమెంటుకి 20 సెంటీమీటర్లు, అక్కణ్నించి డైరెక్టరుకి 32 పెట్టాను.

టంకం, యాంటెన్నాని రేడియోకి కలిపే ఆర్‌జీ-58 కేబుల్ అక్కడ ఉండవు, ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లాల్సిందే. టంకం పెట్టే ముందు టేపు మీద పెయింటు ఉప్పు కాగితంతో బాగా గీకాలి. మధ్య రెండు ముక్కలనీ కలుపుతూ అయిదంగుళాల తీగని యూ ఆకారంలో వంచి అతికించడం మరిచిపోకండి. అది లేకపోతే కేబుల్‌కి మ్యాచింగ్, అంటే యాంటెన్నాతో పొత్తు, కుదరదు.

ఒక ఫిర్యాదు ఉంది. టేపు ముక్కల్ని పైపుకి బిగించడానికి మొదటిసారి ఇచ్చిన హోస్ క్లిప్పులు మామూలు ఇనుపవి. అంతర్వేది దగ్గర ఉప్పుగాలికి మూడు నెలల్లో తుప్పుపట్టి విరిగిపోయాయి. తీసుకెళ్లి చూపిస్తే ఆయన వాదించలేదు. రాజమండ్రి నుంచి స్టెయిన్‌లెస్ స్టీలువి తెప్పించారు. ఇప్పుడు అడగ్గానే ఇస్తున్నారు, మీరు కూడా అవే అడగండి.

ఈ యాగీకి వీపు వైపు వినికిడి బాగా తక్కువ. ముందు వైపు తిప్పితే ఎక్కడో కొబ్బరిచెట్ల మధ్య ఉన్న చిన్న ట్రాన్స్‌మిటర్ గట్టిగా వినిపిస్తుంది, వెనక్కి తిప్పితే పడిపోతుంది. మా అబ్బాయి పోయిన ఆదివారం పదిహేను నిమిషాల్లో పట్టేశాడు.

స్ప్రింగు పోయిన టేపుల్ని వడ్రంగులు ఆ షాపులోనే పడేసి పోతుంటారు. ఇప్పుడు ఆయన వాటిని నాకోసం ఒక డబ్బాలో వేసి ఉంచుతున్నారు. మొన్న వెళ్తే మూడున్నాయి, డబ్బులు తీసుకోలేదు.